సున్నా చీటీలు

మా డిపో గేటు దాటాలంటే ఏ డ్రైవరైనా ముందు నా ఎదుట ఊదాల్సిందే. అరచేతిలో ఇమిడే మిషన్, దానికొక ప్లాస్టిక్ గొట్టం. ఊదితే అంకె కనిపిస్తుంది, ఆ అంకె వేసి బస్సు టికెట్టంత చీటీ ఒకటి బయటికొస్తుంది. సున్నా వస్తే బండి తాళం ఇస్తాను. ఇంకేదొచ్చినా ఇవ్వను. పన్నెండేళ్లుగా ఇదే నా ఉద్యోగం. డ్రైవర్లు ఎదురుగా నన్ను గేటక్క అంటారు. చాటుగా ఏమంటారో కూడా తెలుసు, తెలియనట్టు ఉంటాను. మొహమాటం లేని మనిషినని పేరు. ఆ వానాకాలం వచ్చేదాకా ఆ పేరంటే నాకు గర్వంగానే ఉండేది.

తొలి వానలు పడిన వారంలో, పొద్దున్న ఐదున్నరకి, మా తమ్ముడు ఊదితే నలభై మూడు వచ్చింది.

వాడి వెనక వరుసలో తొమ్మిది మంది ఉన్నారు. గొడుగులు మూసి నీళ్లు విదిలిస్తున్నవాళ్లు ఒక్కసారిగా విదిలించడం ఆపేశారు.

"మళ్లీ ఊదు" అన్నాను.

ఊదాడు. నలభై రెండు.

"రాత్రిదక్కా. పొద్దున్నే ముట్టుకోలేదు. నీ మీద ఒట్టు."

"నా మీదెందుకురా? మిషన్ మీద వెయ్యి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తమ్ముడు నవ్వలేదు. గొంతు తగ్గించి, "ఈ ఒక్కసారికి వదిలెయ్యక్కా" అన్నాడు.

సొంత తమ్ముడికి ఏం రాస్తుందో చూద్దామని తొమ్మిది మందీ మెడలు చాపారు. పుస్తకంలో నలభై మూడు అని రాసి, కింద వాడి చేత సంతకం పెట్టించి, పద్నాలుగో నంబరు బండి తాళాన్ని తిరిగి కొక్కేనికి తగిలించాను. వాడు గేటు పక్కన వానలో కాసేపు నిలబడి ఇంటికి నడిచి వెళ్లిపోయాడు.

మొదటి తప్పు కాబట్టి పదిహేను రోజులు సస్పెండు చేశారు. ఇంకోసారి దొరికితే ఉద్యోగం పోతుంది. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, "నువ్వు గట్టిదానివమ్మా, ఇలాంటివాళ్లు నలుగురుంటే చాలు" అని మెచ్చుకున్నాడు. నేనూ సంతోషంగా మెచ్చించుకున్నాను.

మేం ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. ముందు గది నాది, వెనక గది తమ్ముడిది, మరదలిది. మధ్యలో వంటిల్లు. వరండాలో మరదలి కుట్టుమిషన్. స్కూలు యూనిఫారాలు కుడుతుంది. నాకు పెళ్లి అచ్చిరాలేదు, ఆ కథ వేరు.

తమ్ముడు తాగి గోల చేసే రకం కాదు. రెండేళ్లుగా రోజూ పుచ్చుకుంటున్నా ఒక గ్లాసు పగిలింది లేదు, ఒక మాట జారింది లేదు. తాగితే నాలుగు మాటలు మాట్లాడి, చెప్పిన జోకే మళ్లీ చెప్పి, పడుకునేవాడు. పొద్దున్న ఊదితే సున్నాయే వచ్చేది. అందుకే మేమూ చూసీ చూడనట్టు ఊరుకున్నాం. ఆ రోజు ఇంటికెళ్లాక మొదటిసారి కూర్చోబెట్టి అడిగాను.

"అసలెందుకు తాగుతున్నావురా?"

"తాగితే నిద్రొస్తుందక్కా."

"తాగకపోతే?"

"తెల్లవార్లూ తల నడుస్తూనే ఉంటుంది. ఎటు పోతుందో తెలీదు. లోపల ఏదో పెట్టి తొక్కినట్టుంటుంది."

"ఒళ్లొంచి పని చేస్తే అదే వస్తుంది నిద్ర" అన్నాను. నా వైద్యం అంతవరకే.

మాన్పించడం కూడా ఇంట్లోనే కానిచ్చాం. మూడు రోజులు చేతులు వణికాయి, చెమటలు పోశాయి, కంచం తోసేశాడు. మరదలు పక్కన కూర్చుని తడిగుడ్డతో తుడిచింది. నాలుగో రోజు లేచి గడ్డం గీసుకున్నాడు. గండం గడిచిందనుకున్నాం. అలా ఇంట్లోపెట్టి ఒక్కసారిగా మాన్పించడం ఎంత ప్రమాదమో తర్వాత ఆసుపత్రిలో డాక్టరమ్మ చెబితేగానీ మాకు తెలియలేదు. ప్రాణాలే పోతాయట.

పదహారో రోజు డ్యూటీకొచ్చి ఊదాడు. సున్నా. వరుసలో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. చీటీని జాకెట్టులో దాచి తీసుకెళ్లి సాయంత్రం మరదలికిచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బీరువా తలుపు లోపలివైపు గుండుసూదితో గుచ్చింది.

"రోజూ తెస్తారా వదినా?" అంది.

రోజూ తెచ్చాను. పదో చీటీకి మొదటి వరుస నిండింది. ఇరవయ్యో చీటీ నాడు మరదలు వాడికి కొత్త చొక్కా కుట్టింది. ఎవరైనా "మీ తమ్ముడెలా ఉన్నాడు?" అంటే నేను "సున్నా" అనేదాన్ని. అదేదో వాడి పేరైనట్టు.

అప్పుడు మొదలైంది కంప్లైంటు పుస్తకం గొడవ.

సాయంత్రం బండి అప్పజెప్పేటప్పుడు బండిలో ఏదైనా లోపముంటే డ్రైవరు ఆ పుస్తకంలో రాయాలి. రాసింది తెల్లారేలోగా గ్యారేజీ మేస్త్రి సరిచెయ్యాలి, లేదా ఏమీ లేదని సంతకం పెట్టాలి. చాలామంది డ్రైవర్లు "ఓకే" అని గీకి వెళ్లిపోతారు. మా తమ్ముడు మాత్రం ఆ నెలంతా వ్యాసాలు రాశాడు.

ఒక రోజు మేస్త్రి ఆ పుస్తకం పట్టుకుని నా గది దగ్గరికొచ్చాడు. రిటైరవ్వడానికి రెండేళ్లున్న పెద్దాయన, చెయ్యి తిరిగినవాడు. శబ్దం వింటే చాలు, ఏ బండిలో ఏ నట్టు వదులైందో చెబుతాడు.

"మీ తమ్ముడికీ నాకూ పాత పగలేమైనా ఉన్నాయా తల్లీ?"

"ఏమైంది మేస్త్రిగారూ?"

"ఏమైందా? స్టీరింగ్ బరువుగా ఉందని రాస్తే ఆయిల్ మార్చా. మర్నాడు మళ్లీ బరువే అన్నాడు. టైర్లు చూశా, ముందు చక్రాల అలైన్‌మెంటు చూశా. ఏం లేదు. క్లచ్ గట్టిగా ఉందన్నాడు, ప్లేటు మార్చా. బండి లాగట్లేదన్నాడు, ఇంజనే దింపేశా. ఇప్పుడేమో హారన్ సరిగ్గా వినపడట్లేదట. గ్యారేజీలో కొడితే నా చెవులు దిబ్బెళ్లు పడ్డాయి."

"మంచి డ్రైవరు కదా, ఏదో ఉంటేనే రాస్తాడు."

"అదే నా బాధ. వాడు మంచి డ్రైవరు. చెత్త డ్రైవరైతే పుస్తకం మొహాన కొట్టేవాణ్ని."

ఆ మాట నిజమే. మా డిపోలో ఒక్కో బండిని ఒక్కో డ్రైవరుకి అప్పగిస్తారు. ఏళ్ల తరబడి ఒకే బండి. పద్నాలుగో నంబరు కోసం మా తమ్ముడు ఆరేళ్లు ఎదురుచూశాడు. సెలవు రోజు కూడా వచ్చి అద్దాలు తుడిచేవాడు. ఆ బండిని వేరేవాళ్లు ఒక్క ట్రిప్పు నడిపినా సీటు ఎత్తు మార్చారని పోట్లాడేవాడు.

చివరికి మేస్త్రి పంచాయతీ పెట్టాడు. మధ్యాహ్నం వాన వెలిసిన సమయంలో పద్నాలుగుని ఆవరణలోకి తెచ్చి ఒక స్పేర్ డ్రైవర్ని ఎక్కించాడు. అతను రెండు చుట్లు తిప్పి, కిటికీలోంచి ఒక వేలు చూపించి, "వేలితో తిరుగుతోంది" అన్నాడు. తర్వాత తమ్ముడు ఎక్కి ఒక చుట్టు తిప్పాడు. దిగేటప్పుడు మెట్టు మీద కాసేపు ఆగిపోయాడు.

"ఏంట్రా?" అన్నాడు మేస్త్రి.

"బరువుగానే ఉంది మేస్త్రిగారూ. నిజంగా."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే!"

అందరూ నవ్వారు. అందరూ నవ్వడం అయిపోయాక తమ్ముడూ నవ్వాడు. గేటు దగ్గర్నుంచి చూస్తున్న నాకు సిగ్గేసింది. తాగుడు మానినా తమ్ముడివల్ల తలవంపులే కదా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ సిగ్గుకే సిగ్గేస్తుంది.

మేనేజరు నన్ను పిలిచి, "మీవాడు మళ్లీ మొదలుపెట్టలేదు కదా?" అని అడిగాడు.

నా గేటు పుస్తకం ముందుపెట్టి, "ముప్ఫై ఒక్క రోజులు సార్, వరుసగా సున్నా" అన్నాను.

ఆయన వేలు పెట్టి వరుసంతా చూసుకుని, "ఇంకేం మరి" అన్నాడు. నేనూ ఇంకేం మరి అనే అనుకున్నాను.

ఇంట్లో మాత్రం మాటలు తగ్గిపోయాయి. డ్యూటీ నుంచి వచ్చి వెనక మెట్ల మీద కూర్చునేవాడు. జల్లు కాళ్ల మీద పడుతున్నా వెనక్కి జరిగేవాడు కాదు. పేకాట మానేశాడు, పక్కింటివాళ్లతో క్రికెట్టు కబుర్లు మానేశాడు. కంచంలో రెండు ముద్దలు తిని మూడోది కెలుకుతూ ఉండేవాడు. కొత్త చొక్కా మడత విప్పలేదు. వ్యసనం వదిలితే మనిషికి నెమ్మది వస్తుందని నేను అందరికీ చెప్పాను. వాపుని చూసి బలుపనుకోవడం అంటే అదే.

ఒక సాయంత్రం మరదలు యూనిఫారానికి గుండీలు కుడుతూ, తల ఎత్తకుండా, "ఒక మాటంటాను, తిట్టకండి వదినా" అంది.

"తిట్టేదైతే తిడతాను. చెప్పు."

"తాగేటప్పుడే నయమేమో అనిపిస్తోంది. అప్పుడు కనీసం మాట్లాడేవాడు."

"నోరు కడుక్కో పో! ఏం మాటలే అవి? నలభై చీటీలు గుచ్చిన చేత్తో నువ్వేనా అనేది? మళ్లీ సీసా తెచ్చిపెడతావా ఏంటి?"

మరదలి చేతిలో దారం తెగింది. కొత్త దారం ఎక్కించుకుంది. ఆ ఇంట్లో ఉన్నదున్నట్టు చూసిన మనిషి తనొక్కతే. ఆ నోరు నేను మూయించాను.

తమ్ముడు కూడా ఒకసారి నాతో చెప్పబోయాడు. అది ఆదివారం. మెట్ల మీద వాడి పక్కన కూర్చుని టీ ఇచ్చాను.

"అక్కా, సున్నా వస్తే బాగున్నట్టేనా?"

"మరి? సున్నా కంటే తక్కువ ఎక్కడుంటుందిరా?"

"ఉంటుందేమో" అన్నాడు.

"లెక్కలు నాకు చెప్పకు. పదో తరగతి లెక్కల్లో తప్పింది నువ్వా, నేనా?"

వాడు టీ గ్లాసు కింద పెట్టాడు. సగం అలాగే ఉంది. నేను నా జోకుకి నేనే నవ్వుకుని లోపలికొచ్చేశాను.

తర్వాత మూడు నాలుగు రోజులకి మరదలు నా గదిలోకొచ్చింది. చాలా రోజుల తర్వాత ముఖం వెలిగిపోతోంది.

"ఈ రోజు మీ తమ్ముడు నా కుట్టుమిషన్‌కి నూనె వేశాడు వదినా. నేనడక్కుండానే! గ్యాస్ పుస్తకం ఎక్కడుందో, కరెంటు మీటరు కాగితాలు ఎక్కడున్నాయో, అన్నీ తీసి చూపించాడు. నీకూ తెలిసుండాలి అన్నాడు. బాధ్యత వచ్చింది కదా?"

"మరి? ఊరికే అన్నానా, నెమ్మది వస్తుందని?" అన్నాను.

మర్నాడు పొద్దున్న వాన పడుతోంది, పెద్దగా కాదు. తమ్ముడు వరుసలో ఐదోవాడు. ఊదాడు. సున్నా. నలభై నాలుగో సున్నా. చీటీ తీసి పక్కన పెట్టుకుని తాళం ఇచ్చాను. వాడు అందుకున్నాడు. వాడి వెనక పన్నెండు మంది ఉన్నారు, నేను వాడి ముఖం వంక చూడలేదు.

బండ్లన్నీ వెళ్లిపోయాక మేస్త్రి పుస్తకం ఊపుకుంటూ వచ్చాడు.

"గేటక్కా, పండగ చేసుకో! మీవాడు ఒప్పుకున్నాడు. నిన్న సాయంత్రం ఏం రాశాడో చూడు. నేను గెలిచా!"

పుస్తకం తీసుకున్నాను. తమ్ముడి గుండ్రటి చేతిరాత. "బండి బాగానే ఉంది. లోపం ఏమీ లేదు. బండిని వేరే డ్రైవరుకి ఇవ్వగలరు."

మొదటి రెండు ముక్కలు చదివి మేస్త్రి సంబరపడ్డాడు. నేను మూడో ముక్క దగ్గర ఆగిపోయాను. పన్నెండేళ్లలో తన బండిని వేరేవాళ్లకివ్వమని రాసిన డ్రైవర్ని నేను చూడలేదు. సీటు ఎత్తు మారిస్తే పోట్లాడేవాడు వీడు.

పేజీలు వెనక్కి తిప్పాను. అప్పటిదాకా ఆ పుస్తకాన్ని వరుసగా చదివింది ఎవరూ లేరు. ఏ రోజు ముక్క ఆ రోజు చూసి మేస్త్రి బండి కిందికి దూరేవాడు. స్టీరింగ్ బరువుగా ఉంది. క్లచ్ తొక్కలేకపోతున్నాను. బండి లాగడం లేదు. ఎత్తు ఎక్కడం లేదు. హారన్ దూరంగా వినిపిస్తోంది. ముందు అద్దం మసకగా ఉంది. అద్దం తుడిచినా మసకగానే ఉంది. ప్రతిదాని కింద మేస్త్రి సంతకం, పరీక్షించితిని, లోపము లేదు. నెల రోజులు బండిని విప్పాం, బిగించాం. దాన్ని నడిపేవాడి వంక ఒక్కరం చూడలేదు.

కుట్టుమిషన్‌కి నూనె, గ్యాస్ పుస్తకం, మీటరు కాగితాలు అప్పుడు గుర్తొచ్చాయి. పుస్తకం మూసి టైము చూశాను.

"ఏమైంది తల్లీ?" అన్నాడు మేస్త్రి.

బయటికెళ్లిన బండిని ఆపే అధికారం నాకు లేదు, ఒక్క సందర్భంలో తప్ప. ఎవరైనా డ్రైవరు ఊదకుండా వెళ్లిపోతే, దారిలో మొదటి కంట్రోల్ పాయింటు దగ్గర బండి ఆపించి, అక్కడికి మిషన్ తీసుకెళ్లి ఊదించాలి. ఊదకుండా పంపినందుకు నా మీద చర్య తీసుకుంటారు. తాగాడని చెబితే వాడి ఉద్యోగం పోతుంది. ఊదించలేదని చెబితే తప్పు నాది.

నా గేటు పుస్తకంలో వాడి పేరు ఎదుట రాసిన సున్నాని కొట్టేశాను. పన్నెండేళ్లలో ఆ పుస్తకంలో నేను కొట్టేసిన అంకె అదొక్కటే. ఫోను తీసి కంట్రోలరుకి చెప్పాను, "పద్నాలుగో నంబరు ఆపండి. డ్రైవర్ని ఊదించకుండా పంపేశాను."

"నువ్వా?" అన్నాడు కంట్రోలరు నమ్మలేక.

"నేనే. జనాన్ని వెనక బండి ఎక్కించండి. నేనొస్తున్నా."

మేస్త్రి రిపేరుకొచ్చిన వ్యాన్ తీసి నన్ను ఎక్కించుకున్నాడు.

కంట్రోల్ పాయింటు వంతెనకి ఇవతల ఉంటుంది. పద్నాలుగు పక్కకి తీసి ఆపి ఉంది. జనం వెనక బండిలోకి మారుతూ విసుక్కుంటున్నారు, గొడుగులు ఒకరికొకరు తగిలించుకుంటున్నారు. నేను ఎక్కేసరికి బండి ఖాళీ అయింది. తమ్ముడు సీట్లోనే ఉన్నాడు, రెండు చేతులూ స్టీరింగ్ మీద. నా చేతిలో మిషన్ చూసి అలవాటుగా గొట్టం కోసం చెయ్యి చాపాడు.

"పొద్దున ఊదాను కదక్కా. మళ్లీ ఊదాలా?"

"వద్దు" అన్నాను. మిషన్‌ని సంచిలో పడేసి డ్రైవరు పక్కనుండే ఇంజన్ బానెట్ మీద కూర్చున్నాను. వేడిగా ఉంది.

"మరెందుకు ఆపారు?"

"నువ్వే రాశావుగా, వేరేవాళ్లకి ఇవ్వమని."

"మేస్త్రి చూశాడా?" అన్నాడు.

"చూశాడు. గెలిచానని ఎగిరి గంతేశాడు."

వాడి పెదవి కొంచెం కదిలింది. తర్వాత ముందు అద్దంలోంచి వంతెన వైపు చూస్తూ, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు.

"రోజూ ఆ వంతెన మలుపు దగ్గరికొచ్చేసరికి, స్టీరింగ్ తిప్పకుండా ఊరుకుంటే ఏమవుతుందా అనిపిస్తుందక్కా. వెనక జనం ఉన్నారుగా, అందుకని తిప్పుతున్నా. రోజురోజుకీ బరువైపోతోంది. ఒక రోజు తిప్పలేనేమోనని భయమేసింది. అందుకే రాశా."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, నా మీద. వాడి చేతుల్ని స్టీరింగ్ మీద నుంచి ఒక్కొక్కటిగా తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను. మంచుముక్కల్లా ఉన్నాయి. చిన్నప్పుడు బడికి తీసుకెళ్లేటప్పుడు పట్టుకున్నాక మళ్లీ ఎప్పుడూ వాడి చెయ్యి పట్టుకున్నట్టు గుర్తులేదు.

"తాగేటప్పుడు కూడా ఉండేదిరా ఇది?"

"అంతకు ముందు నుంచే ఉంది. తాగితే రెండు గంటలు కనపడేది కాదు. పొద్దున్నే రెట్టింపు అయ్యి కూర్చునేది. మళ్లీ తాగేవాణ్ని."

"మరి చెప్పవేరా!"

"ఏమని చెప్పను? ఒంట్లో జ్వరం లేదు. ఊదితే సున్నా."

మేస్త్రి మెట్టు దగ్గర నిలబడి అంతా విన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. బండిని తనే డిపోకి తీసుకెళ్లాడు. వ్యాన్ నడపడం నాకు రాదు కాబట్టి నేనూ తమ్ముడూ ఆటోలో ఆసుపత్రికి వెళ్లాం. దారిలో మరదల్ని ఎక్కించుకున్నాం. దాని మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

డాక్టరమ్మ మా ముగ్గుర్నీ విడివిడిగా అడిగింది. చివర్లో నాతో, "తాగుడు మానడం మంచిదే, మళ్లీ మొదలుపెట్టనివ్వకండి. కానీ ఇది డిప్రెషన్ అమ్మా. దాన్ని తట్టుకోవడానికి తాగాడు, తాగినకొద్దీ అది ముదిరింది. మీరు ఒకదానికే కాపలా కాశారు. రెండిటికీ వైద్యం కలిపి చెయ్యాలి" అంది.

"ఒళ్లు బరువెక్కుతుందా దీనివల్ల?" అని అడిగాను.

"చెయ్యి ఎత్తడం కూడా బరువే."

నేను మేస్త్రి విప్పదీసిన ఇంజను గురించి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "నా దగ్గరికొచ్చినవాళ్లలో ఇంకెవరూ తమకేమవుతోందో ఇలా రోజూ రాసిపెట్టలేదు" అంది. ఆ మాట నాకు ఓదార్పో, చీవాటో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు మేనేజరు చీటీ నా ముందు పెట్టాడు. మిషన్‌లో తమ్ముడి సున్నా, సమయంతో సహా ఉంది మరి.

"ఊదాడుగా. ఊదించలేదని ఎందుకు చెప్పావు?"

"కళ్లు సరిగ్గా కనపడలేదు సార్."

ఆయన ఆ చీటీని మడిచి ఫైల్లో పెట్టాడు. మేస్త్రి ఏం చెప్పి ఉంటాడో నాకు తెలియదు. నాకు మెమో ఇచ్చాడు, తమ్ముడికి మెడికల్ లీవు ఇచ్చాడు. మెమో తీసుకుని సంతకం పెట్టాను. నా పేరు మీద అదొక్కటే ఉంది.

తమ్ముడు లీవులో ఉన్న రెండున్నర నెలలూ సాఫీగా గడవలేదు. మాత్రలతో మొదట నిద్రమత్తు. ప్రతి సోమవారం డాక్టరమ్మ దగ్గర కూర్చుని మాట్లాడి రావాలి. మొదట్లో వాడు వెళ్లనని మొండికేశాడు. ఒక శనివారం ఎక్కడికో వెళ్లి తాగొచ్చాడు కూడా. గుమ్మంలో తల దించుకుని నిలబడ్డాడు. మిషన్ నా సంచిలోనే ఉంది. చెయ్యి అటు పోయింది, వెనక్కి తీసుకున్నాను. మరదలు డాక్టరమ్మకి ఫోను చేసింది. ఆవిడ "తిట్టకండి, సోమవారం కాదు, రేపే తీసుకురండి" అంది. తీసుకెళ్లాం. మరదలు బీరువా తలుపు మీది చీటీలన్నీ పీకేసింది. గుండుసూదుల చిల్లులు మిగిలాయి. నేను తన దగ్గర కూర్చుని, "ఆ రోజు నీ నోరు మూయించాను, తప్పు నాదే" అన్నాను. "మీరు తిడతారని తెలిసే చెప్పాను లెండి" అంది. తర్వాత ఇద్దరం ఏడ్చాం, విడిగా కాదు, కలిసే.

వానలు వెనకపట్టు పట్టిన వారంలో, డ్యూటీ చెయ్యొచ్చని డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. తమ్ముడు వరుసలో నిలబడ్డాడు. ఊదాడు. సున్నా. తాళం తీసి, చేతిలోనే పట్టుకుని ముఖం వంక చూశాను.

"నిద్ర పట్టిందా?"

"నాలుగు గంటలు. నాలుగున్నర."

"తిన్నావా?"

"తిన్నా. తాళం ఇవ్వక్కా, వెనక జనం తిట్టుకుంటున్నారు."

"తిట్టుకోనీ. వాళ్లనీ అడుగుతా."

అడిగాను. ఆ రోజు నుంచి అందర్నీ అడుగుతున్నాను. మొదటి వారం బండ్లన్నీ ఐదు నిమిషాలు ఆలస్యమయ్యాయి. గేటక్కకి ముసలితనం వచ్చిందన్నారు. నాలుగో రోజు ఒక పెద్ద మీసాల డ్రైవరు "నిద్ర పట్టట్లేదక్కా" అని చెప్పి, వరుస వదిలి నా గదిలోకొచ్చి కూర్చున్నాడు. అది వేరే సంగతి.

ఆ మొదటి రోజు సాయంత్రం ఆఖరి వాన కురిసింది. తమ్ముడు బండి అప్పజెప్పి, పుస్తకంలో ఏదో రాసి ఇంటికెళ్లిపోయాడు. నేను వెళ్లి చూద్దామనుకున్నాను, ధైర్యం చాలలేదు. గదిలోనే కూర్చుని గ్యారేజీ వైపు చూస్తున్నాను. మేస్త్రి పుస్తకం తెరిచాడు, చదివాడు, కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చదివాడు. తర్వాత పద్నాలుగో నంబరు ఎక్కి ఏదో తిప్పాడు. దిగి వానలో తడుస్తూ నా గది దగ్గరికొచ్చాడు.

"ఏం రాశాడు?" అన్నాను.

"ఎడమ వైపరు తుడవట్లేదని రాశాడు."

"అయితే?"

"చూశానమ్మా. నిజంగానే తుడవట్లేదు. రబ్బరు ఊడిపోయింది."

"మళ్లీ చెప్పండి."

"రబ్బరు ఊడిపోయింది తల్లీ, అంతే. ఈసారి లోపం బండిలోనే ఉంది." పెద్దాయన చేతి వెనకవైపుతో ముఖం తుడుచుకున్నాడు. వాన నీళ్లే అయ్యుంటాయి.

"మార్చెయ్యండి మరి" అన్నాను.